మంచులో పడితే మంచులో పడ్డామనే రాయండి

సంక్రాంతి సెలవులు అయ్యాక మా లా ఆఫీసుకు విరిగిన మోకాళ్లు రావడం మొదలవుతుంది. ఈ ఏడు మూడొచ్చాయి. మూడూ కశ్మీర్‌లోని గుల్మార్గ్‌వే. పోయిన వారం వచ్చినాయన గుంటూరు మిర్చి వ్యాపారి. భార్య కాలికి బ్రేస్, ఆయన చేతిలో క్లెయిమ్ తిరస్కరించిన లెటర్.

"మెట్ల మీద జారిందని రాయించామండీ. స్కీయింగ్ అంటే ఇన్సూరెన్స్ రాదని మా ఏజెంటు చెప్పాడు."

ఫైలు అక్కడే మూసేయాలనిపించింది.

వీళ్లు గొండోలా కేబుల్ కారు ఎక్కి అఫర్వత్ కొండకేమీ పోలేదు. కింద, కొత్తవాళ్లకు నేర్పే వాలు మీదే, అద్దె బూట్లతో ఒక గంట. మనిషి పడగానే బూటును వదిలేయాల్సింది స్కీకుండే బైండింగ్. మనిషి బరువును బట్టి దాని బిగింపు సరిచేయాలి. ఎవరూ ఆవిడ బరువు అడగలేదట. స్కీ ఊడలేదు, మెలిక మోకాలికి పడింది, లిగమెంట్ తెగింది. అక్కడి ఆసుపత్రి చీటీలో డాక్టరు "స్కీయింగ్‌లో పడ్డారు" అని రాశాడు. ఆపరేషన్ ఇక్కడికొచ్చి చేయించుకున్నారు. ఇక్కడి డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం "ఇంట్లో మెట్ల మీద జారి". ఆ రెండు కాగితాలూ ఒకే పిన్నుకు గుచ్చి కంపెనీకి పంపారు! స్కీలు తొడుక్కున్న ఫొటో ఫేస్‌బుక్‌లో ఎలాగూ ఉంది.

ఏజెంటు చెప్పింది తప్పు. 2020 అక్టోబర్ నుంచి మన మామూలు హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మాటల్లోనే రాస్తున్నారు. కోడ్ నంబర్ 09. ఆ క్రీడల్లో "ప్రొఫెషనల్"గా పాల్గొని దెబ్బ తగిలించుకుంటేనే ఖర్చు ఇవ్వరని ఉంటుంది అందులో. జీవితంలో మొదటిసారి మంచు చూసిన గుంటూరు ఇల్లాలు ఏ లెక్కన ప్రొఫెషనల్? నిజం రాసి ఉంటే ఈ నిబంధన అడ్డం వచ్చేది కాదు. అబద్ధం రాసి, వాస్తవం దాచారనే సాకు కంపెనీకి మనమే అందించాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మళ్లీ చెబుతున్నా: దెబ్బ ఎలా తగిలిందో అడిగినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పండి. అడ్మిషన్ కౌంటర్లో "మెట్లని రాస్తే క్లీన్‌గా పోతుందండీ" అని సలహా ఇచ్చే మహానుభావుడు ఒకడుంటాడు. రేపు క్లెయిమ్ పోతే వాడు మీ వెంట రాడు.

టికెట్ బుక్ చేస్తూ టిక్ కొట్టే ట్రావెల్ ఇన్సూరెన్స్ సంగతి వేరు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ సంగతీ అంతే. వాటి షరతులు వాటివి. ప్రొఫెషనల్ అన్న మాటే లేకుండా స్కీయింగ్ మొత్తాన్ని తీసేసి ఉండొచ్చు. బయల్దేరకముందే చదవండి. కవర్ లేకపోతే అదనపు ప్రీమియం కట్టి తీసుకోండి. అది కూడా ఇవ్వకపోతే ఆ పాలసీ ఉందన్న ధైర్యంతో స్కీలు తొడగకండి.

రెండో ఫైలు వాళ్లు నిజమే రాశారు. అయినా కంపెనీవాళ్లు "సాహస క్రీడ" అని స్టాంపు గుద్ది పంపారు. తమ పాలసీ తాము చదవని ఉద్యోగులకు జీతాలెందుకో నాకర్థం కాదు. ఇది గెలిచే కేసు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నా పొట్ట కొట్టుకుని మరీ చెబుతున్నా.

మూడో ఫైలు స్కీలు అద్దెకిచ్చిన షాపు మీద. పెద్దపల్లి కుర్రాడు. పగిలిన బకిల్ ఉన్న బూటు ఇచ్చారట. "కశ్మీర్ వెళ్లి కేసు వేయాలా మేడమ్?" అన్నాడు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, రెండేళ్లలోపు. "నా పూచీ నాదే" అని సంతకం పెట్టినా వాళ్ల నిర్లక్ష్యాన్ని ప్రశ్నించే దారి మూసుకుపోదు. కానీ బిల్లేదీ? నోటు చేతిలో పెట్టి బూట్లు తెచ్చుకున్నాడు. కనీసం ఫోన్‌లో పంపి ఉంటే డబ్బు ఎవరికి పోయిందో తేలేది.

మళ్లీ గుంటూరు దంపతుల దగ్గరకు. ఆయన మాట్లాడినంతసేపూ ఆవిడ నోరు విప్పలేదు. లేవబోతూ, "నేను డ్యూటీ డాక్టరుకు మంచులోనే పడ్డానని చెప్పానమ్మా. తర్వాత ఈయనే మార్పించారు" అంది. అంటే చేరిన రోజు కేస్ షీట్‌లో నిజమే ఉండి ఉండాలి. అదొక్కటి దొరికితే ఏదో ఒకటి చేయొచ్చు. ఆ రోజే రికార్డుల కోసం అర్జీ పెట్టించాను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. ఇవాళ్టికి ఎనిమిది రోజులు. రికార్డు రూము తాళాలున్న మనిషి సెలవులో ఉన్నాడట.