లోపం పట్టే చెయ్యికే గిరాకీ
పదో తరగతి తర్వాత మోటారు మెకానిక్ పని నేర్వాలనుకునే అస్కా, బరంపురం విద్యార్థులకు

అస్కాలో బాగానే తిరిగిన పాత పెట్రోలు బండి, సరుకుతో భంజనగర్ దాటి కళింగ ఘాట్ ఎక్కేసరికి జర్కులిచ్చి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే ఒకరు ప్లగ్గులు మారుస్తారు, ఇంకొకరు పంపు మారుస్తారు, మూడోవారు గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటరే మార్చేయమంటారు. బిల్లు పెరుగుతుంది గానీ రోగం పోదు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని పట్టినవారు మాత్రం చీపురుపుల్లతో పని ముగిస్తారు. స్పేర్ పార్టు ఎవరైనా బిగిస్తారు. యజమాని వెతుక్కుంటూ వచ్చేది లోపం పట్టగలిగినవారి కోసమే.

ఇప్పుడు కార్బురేటర్ ఎందుకు?

డాడ్జ్, ఫార్గో, బెడ్‌ఫోర్డ్ పెట్రోలు లారీల కాలం ఎప్పుడో పోయింది. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీల తయారీ మొదలయ్యాక రోడ్లు క్రమంగా డీజిల్‌వే అయ్యాయి. అయినా పాత జీపులు, ఆమ్నీ వ్యాన్లు, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాకముందు అమ్ముడైన బైకులు చాలావరకు కార్బురేటర్‌తోనే నడుస్తున్నాయి. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, దానికి తట్టుకోలేని పాత రబ్బరు గొట్టాలనూ డయాఫ్రమ్‌లనూ పాడుచేస్తుంది, ట్యాంకులో పేరుకున్న మురికిని కదిలించి ఫిల్టర్‌కు చేరుస్తుంది. అంటే పాత బళ్ల ఇంధన సమస్యలు తగ్గేవి కావు.

పని నేర్చుకునేవారికి కార్బురేటర్‌తో ఇంకో లాభం ఉంది. ఇందులో పెట్రోలు నడిచే దారి మొత్తం కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

వెతికే వరుస

ముందు జాగ్రత్త. ఇంజను చల్లారాలి, దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు, ఇసుక బకెట్ అందుబాటులో ఉండాలి. గొట్టం నోట్లో పెట్టి పెట్రోలు పీల్చే అలవాటు అసలే వద్దు.

ఒకటి: ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లాగండి. సన్నటి ధారగా పెట్రోలు చిమ్మితే ఫ్లోట్ గదిలో, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గదిలో, పెట్రోలు ఉన్నట్టే. చిమ్మకపోతే గది ఖాళీ అయి ఉండాలి, లేదా యాక్సిలరేటర్ పంపు పాడై ఉండాలి.

రెండు: ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడండి. బండి కుదుటపడితే దోషం మూతదే.

మూడు: కాయిల్ వైరు తీసి, కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి, దాని కొనను సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టండి. మెకానికల్ పంపు బాగుంటే పెట్రోలు ఆగి ఆగి బలంగా పడుతుంది. గేజ్ పెడితే మామూలుగా 3 నుంచి 5 పీఎస్ఐ చూపిస్తుంది. ఇంజను ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తే పంపు డయాఫ్రమ్ చిరిగిందేమో చూడాలి.

నాలుగు: ధార బలహీనంగా ఉంటే, పంపు లోపలికి వెళ్లే గొట్టాన్ని విడిగా పెట్టిన పెట్రోలు డబ్బాలో ముంచి చూడండి. అప్పుడు ధార బాగుంటే పంపుది తప్పు కాదు. ట్యాంకు జాలీ, మధ్యలోని ఫిల్టర్, గాలి పీలుస్తున్న పగిలిన గొట్టం, వీటిలో ఒకటి దోషి.

ఐదు: పంపు బాగున్నా ఫ్లోట్ గది ఖాళీగా ఉంటే గదిలోకి పెట్రోలు వదిలే నీడిల్ వాల్వ్ ఇరుక్కుపోయి ఉండొచ్చు. గది నిండుగా ఉన్నా లోడు మీద బండి ముక్కుతోందా? చోక్ కాస్త లాగండి. అప్పుడు పుంజుకుంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. మెయిన్ జెట్టు తీసి గాలి కొట్టి శుభ్రం చేయండి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కొత్త సమస్య మొదలవుతుంది.

ఇదే పద్ధతి డీజిల్‌కు

డీజిల్ లారీలోనూ దారి ఇలాంటిదే: ట్యాంకు, ఫీడ్ పంపు, ఫిల్టర్, ఇంజెక్షన్ పంపు, ఇంజెక్టర్లు. పాత లారీలో గాలి పడితే హ్యాండ్ పంపు కొడుతూ, బుడగలు ఆగేదాకా బ్లీడ్ స్క్రూ వదులుగా ఉంచుతారు. బీఎస్-6 బండికి స్కానర్ తగిలిస్తే ‘రైల్ ప్రెషర్ తక్కువ’ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో ఒత్తిడి తక్కువ) అని కోడ్ వస్తుంది. ఫిల్టర్ మూసుకుపోయిందా, పంపు అరిగిందా, ఎక్కడైనా లీకవుతోందా అన్నది మెకానిక్కే తేల్చుకోవాలి. వరుస తెలియని చేతిలో స్కానర్ ఉన్నా ఖర్చే మిగులుతుంది.

ఎక్కడ చదవాలి?

పదో తరగతి పాసైతే ఐటీఐలో రెండు దారులు: రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్, ఏడాది మెకానిక్ డీజిల్. బరంపురంలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. ఒడిశాలో దరఖాస్తులు శామ్స్ (SAMS) పోర్టల్ ద్వారా పెట్టాలి. డిప్లొమా చదవాలనుకుంటే బరంపురంలోనే ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూలు ఉంది. దరఖాస్తు పెట్టే ముందు ఏ కోర్సులో సీట్లున్నాయో, స్థానికత నిబంధనలేమిటో కనుక్కోండి. రాష్ట్ర సరిహద్దు అవతలి ఇచ్ఛాపురం వైపు పిల్లలకు ఇది మరీ ముఖ్యం.

సర్టిఫికెట్ రాగానే అప్రెంటిస్‌గా చేరండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్లు, రవాణా సంస్థల డిపోలు, డీజిల్ పంపు రిపేరు షాపులు ఉన్నాయి. సొంత షెడ్డు పెట్టేవారికి పనిముట్ల కోసం ముద్రా రుణాలున్నాయి. ‘శిశు’ విభాగంలో 50 వేల రూపాయల దాకా ఇస్తారు.

గంజాం షెడ్లలో ఒడియా, తెలుగు రెండూ మాట్లాడగలిగితే గిరాకీతో మాట కలుస్తుంది. ఇంగ్లీషు సర్వీస్ మాన్యువల్ చదవడం కూడా అలవాటు చేసుకోండి, పై మెట్టు ఎక్కేది దానితోనే.

చేరిన మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్ పెట్టండి. బండి ఏమంటోంది, ఏ పరీక్ష చేశారు, ఏం తేలింది, ఈ మూడూ రాయండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా పక్కన ఆ పుస్తకం కూడా పెట్టండి. పరీక్షించకుండా ఏ పార్టూ మార్చనన్న నియమం మాత్రం మొదటి జీతానికి ముందే పెట్టుకోండి.