రూపకము, ఇస్తిఆరా ఒకటేనా?

మన కళాశాలలో తెలుగు పాఠం వినే విద్యార్థులలో చాలామంది ఇంట ఉర్దూ మాట్లాడేవారే. వారిలో ఒకరు త్రైమాసిక పరీక్షలో రూపకాలంకారానికి ఇట్లా లక్షణం వ్రాశారు: "ఉపమేయమును చెప్పక ఉపమానమును మాత్రమే చెప్పుట రూపకము." నేను ఎర్రసిరాతో కొట్టివేసి మూడు మార్కులు తీసివేశాను. ఆ విద్యార్థి మరునాడు వచ్చి, "సార్, ఉర్దూ తరగతిలో ఇస్తిఆరాకు చెప్పినది ఇదే కదా! ఇస్తిఆరా అంటే రూపకమే అనుకొన్నాను" అన్నాడు. అతని తప్పు అజ్ఞానం వల్ల వచ్చినది కాదు. రెండు శాస్త్రాలు చదివినందువల్ల వచ్చినది.

ఒక చిన్న ఉదాహరణతో ఈ చిక్కు విడదీద్దాము. "మా దాదీ చింతచెట్టువలె ఇంటిల్లిపాదికీ నీడనిచ్చింది" అంటే ఉపమ. ఉర్దూలో తష్బీహ్. 'వలె' అనే మాట ఇద్దరినీ పోలుస్తూనే వేరుగా నిలుపుతున్నది. "మా దాదీ అనే చింతచెట్టు నీడలో పెరిగాము" అంటే రూపకం. భేదం మరుగుపడినది, కాని దాదీ, చెట్టు రెండూ వాక్యంలో ఉన్నవి. "మా ఇంటి చింతచెట్టు నిరుడు కూలిపోయింది" అని ఆమె మరణాన్ని గురించి అంటే ఉపమేయం పూర్తిగా ఉపమానంలో లీనమైనది. దీనిని మనవారు రూపకాతిశయోక్తి అన్నారు. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ అలంకారికుల ఇస్తిఆరా ప్రధానంగా ఇదే. రెండవ వాక్యాన్ని వారు తష్బీహె బలీగ్ అని ఉపమలోనే చేరుస్తారు. ఇస్తిఆరా అనే మాటకు అర్థం అరువడుగుట. రూపకమంటే రూపమును ఆరోపించుట. పేర్లలోనే చూపు వేరు.

ఆ మూడవ వాక్యం చూడండి. ఆ ఇంటి ముందర నిజంగానే చింతచెట్టు ఉండి, గాలివానకు కూలి ఉంటే? అప్పుడది అలంకారం కాదు, వార్త. కనుక గుర్తించవలసినది మాటను కాదు, సందర్భాన్ని. వాచ్యార్థం పొసగదని తెలిపే ఆధారాన్ని ఉర్దూవారు ఖరీనా అంటారు. సంస్కృత లాక్షణికులు లక్షణావృత్తికి ముఖ్యార్థబాధ కావలెనన్నారు. ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒకే గుమ్మం వద్ద కలిశారు.

సమాసాలలో మరొక చిక్కు. 'ముఖపద్మము' కనిపించగానే మన విద్యార్థులు రూపకమని వ్రాసివేస్తారు. అది పద్మమువంటి ముఖమూ కావచ్చు, ముఖమనెడి పద్మమూ కావచ్చు. క్రియను అడగండి. "ముఖపద్మము నవ్వెను" అంటే నవ్వు ముఖానిది, ఉపమ. "ముఖపద్మముపై తుమ్మెదలు వాలెను" అంటే తుమ్మెదలు పద్మానివి, రూపకం.

చంద్రాలోకాన్ని ఆధారం చేసికొని కువలయానందం రచించిన అప్పయ్య దీక్షితులు 16వ శతాబ్దివాడు, అడయపాలెం వాస్తవ్యుడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మన చిత్తూరు ఏ ఉత్తరార్కాటు జిల్లాలో ఉండినదో, ఆయన గ్రామమూ ఆ జిల్లాలోనిదే. ఆయన రూపకాన్ని అభేదము, తాద్రూప్యము అని రెండు చేసి, ఒక్కొక్కదానిని మూడేసిగా విభజించాడు. ఆ ఆరు భేదాలు పరీక్షకు కంఠస్థం చేయక తప్పదు. నాకు వాటికంటె కంటిపాప ఎక్కువ ఇష్టం. కనుగ్రుడ్డులో కనిపించే చిన్న ప్రతిబింబాన్ని తెలుగువాడు పాప అన్నాడు, ఉర్దూవాడు ఆంఖ్ కీ పుత్లీ, అనగా కంటిబొమ్మ అన్నాడు. కుర్చీ కాళ్లు, సీసా మూతి కూడా ఒకప్పటి ఊహలే. వాడి వాడి అరిగిపోయినవి గనుక ఇప్పుడెవరూ వాటిని అలంకారాలనరు.

తిరుపతిలో చదివేవారికి ఒక కఠినమైన ప్రశ్న కిటికీలోనుండే కనబడుతుంది. శేషాచలం ఆదిశేషుని దేహమని సంప్రదాయం. ఇది రూపకమా? రూపకంలో రెండు వస్తువులూ వేరని తెలిసియే కవి ఒకటి అంటాడు. పొరబడి ఒకదానిని మరొకటిగా తలచినట్లు వర్ణిస్తే అది భ్రాంతిమదలంకారం. భక్తునకు ఈ రెండూ కావు; అది ఆయన విశ్వాసం, దానికి అలంకారమని పేరు పెట్టే అధికారం మనకు లేదు. అదే కొండను చూచి ఒక యాత్రికుడు తన మాటగా "పడుకొన్న పాము" అంటే రూపకం. వాక్యం ఒకటే, పలికిన మనసును బట్టి పేరు మారుతున్నది. స్వర్ణముఖి అనే ఏటి పేరును ఇదే పద్ధతిలో మీరే పరీక్షించుకొనండి.

ఆ విద్యార్థికి తీసివేసిన మూడు మార్కులలో రెండు తిరిగి ఇచ్చాను. మూడవది ఇవ్వలేదు. 'రూపకము' అనే మాటను అతడు రెండుచోట్ల 'రుపకము' అని వ్రాశాడు.