విమానాన్ని గాలిలో నిలబెట్టేది ఏది?

బోయింగ్ 747-400 విమానం ఇంచుమించు 400 టన్నుల బరువుతో నేల విడిచి పైకి లేవగలదు. అంత బరువును కంటికి కనబడని గాలి ఎలా మోస్తుంది? ఈ ప్రశ్న అడిగితే మనలో చాలామంది వెంటనే అప్పజెప్పే సమాధానం ఒకటుంది. "రెక్క పైభాగం వంపుగా ఉంటుంది. కనుక పైనుంచి పోయే గాలి ఎక్కువ దూరం పోవాలి. కిందినుంచి పోయే గాలిని రెక్క చివర కలుసుకోవాలంటే అది వేగంగా పోవాలి. వేగం పెరిగితే బెర్నౌలీ సూత్రం ప్రకారం పీడనం తగ్గుతుంది. అందుచేత రెక్క పైకి లేస్తుంది."

వినడానికి బాగానే ఉంది. కాని ఆ రెండు గాలులూ చివర కలుసుకొని తీరాలని ఎక్కడుంది? అలాంటి నియమం ఏదీ లేదు. విండ్ టనెల్‌లో పొగ వదిలి చూస్తే, పైనుంచి పోయిన గాలి కింది గాలికంటే ముందే చివరకు చేరుతుంది! పైగా మన గాలిపటం సంగతి చూడండి. అది ఉత్త కాగితం. పైన ఒక వంపు, కింద ఒక వంపు అంటూ లేవు. అయినా ఎగురుతుంది. విన్యాసాలు చేసే విమానాలు తలకిందులుగా కూడా ఎగురుతాయి.

మరి అసలు సంగతి ఏమిటి? ఒక అట్టముక్కను టేబుల్ ఫ్యాను ముందు, ఫ్యాను వైపు అంచు కాస్త ఎత్తుగా ఉండేట్లు పట్టుకోండి. గాలి కిందికి మళ్ళుతుంది, అట్ట పైకి లేవబోతుంది. రెక్క చేసే పనీ ఇదే. పైభాగాన పోయే గాలి కూడా రెక్కను అంటిపెట్టుకొని కిందికే మళ్ళుతుంది. రెక్క గాలిని కిందికి నెడితే, న్యూటన్ మూడవ నియమం ప్రకారం గాలి రెక్కను పైకి నెడుతుంది. ఇదే లిఫ్ట్. బెర్నౌలీ తప్పు చెప్పాడని కాదు సుమా! రెక్కపైన గాలి వేగం పెరగడం, పీడనం తగ్గడం నిజమే. ఆ వేగానికి మనం చెప్పుకునే కారణమే తప్పు.

లిఫ్ట్ గాలి సాంద్రతకు, రెక్క వైశాల్యానికి, వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే లిఫ్ట్ నాలుగింతలన్నమాట. రన్‌వే మీద అంత పరుగు అందుకే. దిగేటప్పుడు వేగం తగ్గాలి గాని లిఫ్ట్ తగ్గకూడదు. కనుక రెక్క వెనుకనున్న ఫ్లాపులను చాచి కిందికి వంచుతారు.

ఇక నాలుగవది, ఎదురుగాలికి రెక్క ఏటవాలుగా నిలిచే కోణం. దీనిని యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు. ఈ కోణం పెరిగేకొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది. అయితే దానికీ ఒక హద్దుంది. మామూలు రెక్కకు సుమారు 15 డిగ్రీలు దాటితే పైనున్న గాలి రెక్కను వదిలి చెదిరిపోతుంది, లిఫ్ట్ పడిపోతుంది. ఇదే స్టాల్. దీనికీ ఇంజన్ ఆగిపోవడానికీ సంబంధం లేదు.

2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళుతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో, వేగాన్ని కొలిచే పిటో గొట్టాలకు మంచు అడ్డుపడింది. ఆటోపైలట్ తప్పుకుంది. అప్పుడు నడుపుతున్న పైలట్ ముక్కును పైకెత్తాడు. విమానం స్టాల్‌లోకి వెళ్ళింది. ఇంజన్లు పనిచేస్తూనే ఉన్నాయి, హెచ్చరిక మోగింది. అయినా ముక్కు దించి ఆ కోణాన్ని తగ్గించడం జరగలేదు. నాలుగున్నర నిమిషాలలోపే విమానం అట్లాంటిక్ సముద్రంలో పడి, అందులోని 228 మందీ మరణించారు.

కిందికి పడిపోతున్నప్పుడు పైకెత్తాలని తోచడం ఎవరికైనా సహజమే. అలాంటి సమయంలో ముందు ముక్కు దించమని చెప్పేది సూత్రం. కనుక మిత్రులారా, సూత్రాన్ని అప్పజెప్పడంతో ఆగక, అందులోని ప్రతి మెట్టునూ "ఇది ఎందుకు నిజం?" అని అడిగి చూడండి.