తక్కువ పిండిపదార్థాల భోజనంలో వేడి చాక్లెట్, పాలు, పెరుగు

అన్నం, చపాతీలు తగ్గించి పిండిపదార్థాల లెక్క చూసుకొనే ఇళ్ళలో తరచుగా వచ్చే సందేహం ఒకటి ఉన్నది. రాత్రిపూట ఒక కప్పు వేడి చాక్లెట్ పాలు తాగవచ్చునా? పెరుగు కూడా మానవలసిందేనా? మానవలసిన అవసరం లేదు. అయితే పాలలోని తీపి ఏ భాగంలో ఉంటుందో ముందుగా తెలుసుకోవాలి.

ఆవు పాలైనా, గేదె పాలైనా 100 మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ అనే చక్కెర సహజంగానే ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో చక్కెర వేయకముందే సుమారు 10 గ్రాములు ఉన్నట్లు లెక్క. ఈ లాక్టోజ్ వెన్నలో ఉండదు, పాలలోని నీటి భాగంలో కరిగి ఉంటుంది. ప్యాకెట్‌పై టోన్డ్ అని ఉంటే కొవ్వు కనీసం 3 శాతం, స్టాండర్డైజ్డ్ అయితే 4.5, ఫుల్ క్రీమ్ అయితే 6 శాతం ఉండాలన్నది నియమం. కొవ్వు మారుతుంది గాని లాక్టోజ్ ఇంచుమించు అంతే ఉంటుంది. కనుక వెన్న తీసిన పాలు తాగితే చక్కెర తగ్గుతుందనుకోవడం పొరపాటు. లాక్టోజ్ లేని పాలని అమ్మేవాటిలోనూ ఆ చక్కెరను రెండు చిన్న చక్కెరలుగా విడగొడతారే గాని సాధారణంగా తీసివేయరు. అవి పాలు పడనివారికి మేలు చేస్తాయి, పిండిపదార్థాల లెక్కను మాత్రం మార్చవు.

ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగిలిన పాడి పదార్థాల సంగతి సులభంగా బోధపడుతుంది. పాలు విరిచి పనీరు చేసినప్పుడు లాక్టోజ్‌లో అధిక భాగం తేట నీటితో పోతుంది. నేతిలో అది దాదాపు ఉండదు. పెరుగు తోడుకొనేటప్పుడు కొంత లాక్టోజ్ ఆమ్లంగా మారుతుంది, అందుకే ఆ పులుపు. పెరుగును పలుచని గుడ్డలో కట్టి వేలాడదీస్తే మరికొంత నీటితో జారిపోతుంది. నీళ్ళు బాగా కలిపిన మజ్జిగ గ్లాసులో ఉండేది స్వల్పమే. కోవా సంగతి ఇందుకు విరుద్ధం. పాలు మరిగి నీరు ఆవిరైనా లాక్టోజ్ అందులోనే చిక్కబడుతుంది.

ఇక చాక్లెట్. డ్రింకింగ్ చాక్లెట్ డబ్బాకు, కోకో పొడి డబ్బాకు ఎంతో తేడా ఉన్నది. దినుసులను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ముద్రించాలి కాబట్టి, మొదటి పేరు చక్కెర అయితే ఆ డబ్బాలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది చక్కెరే. 100 గ్రాములకు 75 గ్రాముల చక్కెర అని ఉన్న పొడిని 20 గ్రాములు వేస్తే 15 గ్రాములు చేరతాయి. పాలతో కలిపి కప్పుకు 25. తీపి కలపని కోకో పొడి రెండు చిన్న చెంచాలలో పిండిపదార్థం రెండు మూడు గ్రాములే, అందులో సగానికి పైగా పీచు. ఆ కోకో మనకు దూరపు పంటేమీ కాదు, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో విరివిగా పండుతున్నది.

ఒక కప్పుకు 100 మిల్లీలీటర్ల పాలు, దాదాపు అంతే నీరు, ఒక చెంచా మీగడ చాలు. కోకో పొడిని నేరుగా పాలలో వేస్తే ఉండలు కడుతుంది. ముందుగా రెండు చెంచాల వేడినీటితో ముద్దగా కలిపి, తరువాత మరుగుతున్న పాలలో పోసి, సన్నని మంటపై ఒక నిమిషం ఉంచాలి. చిటికెడు ఉప్పు చేదును తగ్గిస్తుంది. దాల్చినచెక్క వేస్తే తీపి లేని లోటు అంతగా తెలియదు. కవ్వంతో చిలికితే నురుగు వస్తుంది. ఇందులో పిండిపదార్థం ఆరేడు గ్రాములకు మించదు. మీగడ ఎక్కువైతే కొవ్వు, కెలోరీలు పెరుగుతాయన్నది వేరే లెక్క.

బెల్లం, తేనె, తాటిబెల్లం చక్కెర కిందికే వస్తాయి. స్టీవియా వంటివి రక్తంలో చక్కెరను పెంచవు. అయితే బరువు తగ్గడానికి ఇటువంటి తీపి పదార్థాలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. తీపిని వారం వారం కొద్దికొద్దిగా తగ్గించుకుంటే నాలుక అలవాటు పడుతుంది.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యునితో మాట్లాడకుండా పిండిపదార్థాలు తగ్గించరాదు. మందు మోతాదు అంతే ఉండి అన్నం తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపగ్లిఫ్లోజిన్, ఎంపగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారికి మరొక ముప్పు ఉన్నది. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, చక్కెర అంతగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు చేరవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చెమటలు, వణుకు, తడబాటుతో చక్కెర పడిపోయినప్పుడు మీగడ చాక్లెట్ పాలు పనికిరావు. వాటిలో చక్కెర తక్కువ, పైగా కొవ్వు ఆ కొద్దిపాటి చక్కెరను కూడా ఆలస్యంగా రక్తంలోకి వదులుతుంది. మూడు చెంచాల చక్కెర లేదా 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.