కీడు చాటున వచ్చిన మేలు : గోగునార పాఠము

ఆంగ్లభాషలో "బ్లెస్సింగ్ ఇన్ డిస్గైజ్" అను నానుడి కలదు. మాఱువేషముతో వచ్చిన మేలు అని దాని యర్థము. 18వ శతాబ్దమున ఆంగ్లదేశపు క్రైస్తవ గురువు జేమ్సు హెర్వీ రచనలో ఈ మాట కనబడును. మేము మిషను పాఠశాలలో దీనిని నేర్చితిమి. నల్లమబ్బునకు వెండియంచు కలదను సామెతయు అచ్చటనే నేర్చితిమి గాని, దానిని మన రైతులకు చెప్పిన నవ్వుదురు. ఆషాఢమున ఆకాశమువైపు చూచుచు కూర్చుండు మనకు నల్లమబ్బే మేలు. దానికి వెండి యెందులకు?

మొదటి నానుడికి మాత్రము మన జిల్లాలలోనే నిదర్శనము కలదు. అది గోగుపంట.

మెట్టపొలములలో వానమీద ఆధారపడి గోగు వేయుట మన పెద్దలు పూర్వమునుండి యెఱిగినదే. ఆకు కూరకును, నార పగ్గములకును పనికివచ్చెడిది. భీమునిపట్నపు రేవునుండి యెగుమతి యగుటచే వర్తకులు ఆ నారను "బిమ్లీ జూటు" అని పిలిచిరి. అయినను బంగాళపు జనపనార ముందు అది ముతకసరుకే.

1947 ఆగస్టు 15న దేశము రెండుగా చీలెను. జనపనార పండు నేలలో సుమారు ముప్పాతిక భాగము తూర్పు బెంగాలుతోపాటు పాకిస్తానునకు పోయెను. మిల్లులు మాత్రము కలకత్తా దగ్గఱ హుగ్లీ తీరమున మనకు మిగిలెను. 1949 సెప్టెంబరులో మన ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించగా పాకిస్తాను తన రూపాయిని తగ్గింపలేదు. అచ్చటి నార మనకు ప్రియమై, ఇరుదేశముల వర్తకము స్తంభించెను. మిల్లులకు నార కావలసివచ్చెను. అప్పుడు జనపనారతో కలిపి గోనెలు నేయుటకు గోగునారకు గిరాకి హెచ్చెను. మిల్లులవారు దీనినే మేస్తా యందురు.

లక్షలకొలది జనులు ఇల్లు వాకిలి విడిచి పరుగెత్తిన కాలమది. ఆ విభజనను మేలని మేము చెప్పము. ఆ కీడు చాటున మన మెట్టరైతునకు ఒక దారి దొరికెనని మాత్రమే చెప్పుచున్నాము.

అమెరికాలో అలబామా రాష్ట్రమున ఎంటర్‌ప్రైజ్ అను పట్టణము కలదు. ప్రత్తికాయ తొలుచు పురుగు అచ్చటి పంటను నాశనము చేయగా రైతులు వేరుసెనగ వేసి బాగుపడిరి. 1919లో ఆ పురుగు పేర స్మారక విగ్రహమునే నిలిపిరి. అయితే విత్తనము తెచ్చినది పురుగు కాదు, రైతులు. గోగు సంగతియు నట్టిదే. గిరాకి బయటినుండి వచ్చును. ధర మన చెఱువులో నారను ఊరవేయు తీరునుబట్టి యుండును.

చేనిలో సగము మొక్కలు పూతకు రాగానే కోయవలయును. ఆలస్యించిన నార బరువు హెచ్చును గాని బిరుసగును. లావు కాడలను, సన్నకాడలను వేఱువేఱుగా కట్టలు కట్టి, ఆకు రాలుటకు రెండు మూడు దినములు చేనిలోనే యుంచవలయును. మొదట కట్టల మొదళ్లను మాత్రము నీటిలో నిలువుగా నుంచుడు. మొదటిభాగమున బెరడు దళసరి గనుక అది ముందుగా నానవలయును. తరువాత కట్టలను పరుండబెట్టి, పైన జానెడు నీరుండునట్లు ముంచి, రాళ్లతో అదుముడు. మట్టిపెళ్లలు, అరటిబోదెలు వేయుట మన యూళ్లలో నెక్కువ. అది శ్రమలేని పనియే గాని నార నల్లబడును. నల్లనార ధర తూకమువేళ తెలియును! పదియవ దినమునుండి రోజూ ఒక కాడ తీసి చూడుడు. బెరడు సులువుగా జాఱిన వెంటనే నార తీయుడు. మఱి రెండు దినములు విడిచిన నార మురిగి పటుత్వము చెడును. తేటనీట కడిగి, నేలమీద గాక దండెములమీద ఆరవేయుడు.

నాటి గిరాకి నేడు లేదు. ప్లాస్టికు సంచులు వచ్చినవి. ధాన్యాదులకు గోనెలనే వాడవలెనను చట్టము 1987లో చేయబడినను, గోగు విస్తీర్ణము మన జిల్లాలలో మిక్కిలి తగ్గినది. నార ఊరవేయుటకు నీరు చాలకుండుటయు నొక కారణము. 1971లో నెలకొల్పబడిన భారత జనపనార సంస్థ మద్దతుధరకు మేస్తాను కూడ కొనును. కాని అది రకమునుబట్టి ధర కట్టును.

కావున గోగు వేసిన సభ్యులు, ఏ చెఱువులో ఎన్ని కట్టలు వేయదలచిరో, కోతకు నెలదినములు ముందుగానే సంఘ కార్యదర్శికి తెలియజేయవలయును. ఒకే గుంటలో అందఱును ఒకేసారి వేసినయెడల నీరు చెడి ఎవ్వరి నారయు తెల్లగా రాదు.