మిరియాల వడ్డన మర్యాద

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ పూర్తిచేసి, లండన్‌లోని ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌లో వడ్డన పనికి కుదిరిన యువకుడి చేతికి మొదటి వారంలోనే వచ్చే పరికరాల్లో పెప్పర్ మిల్ ఒకటి. ఎండు మిరియాలను గింజలుగానే లోపల నింపుకొని, పైభాగాన్ని తిప్పినప్పుడు అడుగునున్న ఉక్కు పళ్ల మధ్య వాటిని నలిపి, పళ్లెంలోకి తాజా పొడిగా రాల్చే చేతిమరకు ఆ పేరు. శిక్షణకాలంలో దీని ప్రస్తావన ఏ వంటకానికి తోడుగా ఏవి అందించాలో చెప్పే పాఠంలో వస్తుంది. పొగబెట్టిన సాల్మన్ చేపకు, పచ్చి ఆయిస్టర్లకు నిమ్మచెక్కతోపాటు మిరియాల మరను కూడా తేవాలని విద్యార్థులు అక్కడే నేర్చుకుంటారు. ఏ వంటకానికి ఏది తేవాలన్న ప్రశ్న అక్కడితో తీరుతుంది గాని, ఎప్పుడు తేవాలన్నది మాత్రం చాలాచోట్ల ఎవరి అలవాటుకు వారికి వదిలేసినట్టుగానే ఉంది. ఈ వడ్డనలో మర్యాద ఉన్నదా లేదా అన్నది నిర్ణయించేది ఆ వేళే కాబట్టి, ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దానికే కేటాయించవలసి వచ్చింది.

ఇప్పుడు విస్తారంగా కనిపించే పద్ధతి ఇది: వంటకం బల్ల మీదికి చేరుతుంది, వెయిటర్ పళ్లెం దగ్గరనుంచి చేయి తీసీ తీయకముందే మర ముందుకు వస్తుంది, అతిథి ఫోర్క్ అందుకోకముందే "మిరియాల పొడి వేయమంటారా?" అన్న ప్రశ్న వినబడుతుంది. ఆ క్షణంలో తన పళ్లెంలోని పదార్థం గురించి అతిథికి తెలిసినవి దాని రంగూ వాసనా మాత్రమే. వంటగదిలో అందులో ఎంత మిరియం పడిందో, ఉప్పూ పులుపూ ఏ పాళ్లలో కుదిరాయో నాలుకకు ఇంకా అందలేదు. అందువల్ల అతిథి అవునన్నా వద్దన్నా అది ఊహే అవుతుంది. అవునన్నవారికి ఘాటు మితిమీరితే రాలిన పొడిని వెనక్కి తీసే ఉపాయం లేదు. వద్దన్నవారు రెండు ముద్దలు తిన్నాక కావాలనుకుంటే మర ఆ సరికి హాలు అవతలి చివరికి వెళ్లిపోయి ఉంటుంది, దానికోసం చేయెత్తి పిలవడానికి మొహమాటపడి ఉన్నదానితోనే సరిపెట్టుకుంటారు. సమాధానం చెప్పగల స్థితిలో లేని మనిషిని అడిగి, అడిగామన్న తృప్తితో పక్క బల్లకు సాగిపోవడాన్ని మర్యాద అనలేము.

మిరియంలో రెండు గుణాలున్నాయి, వాటిని విడివిడిగా గుర్తించినవారికే ఈ వడ్డన అవసరం బోధపడుతుంది. మొదటిది ఘాటు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ 1819లో మిరియాలనుంచి వేరుచేసిన పైపెరిన్ అనే పదార్థం దానికి మూలం; అది పొయ్యి వేడికి తేలిగ్గా ఎగిరిపోయేది కాదు, కాబట్టి వంట మొదట్లో వేసిన మిరియం కూడా చివరిదాకా నాలుకను చురుక్కుమనిపిస్తుంది. రెండవది పరిమళం. గింజలో దాగిన పైనీన్, లిమోనీన్, సబినీన్ వంటి సుగంధ తైలాలు దానికి కారణం. గింజ పగిలిన క్షణంనుంచే అవి గాలిలో కలవడం మొదలుపెడతాయి, వేడి తగిలితే మరింత త్వరగా పోతాయి. ముందెప్పుడో పొడిచేసి సీసాలో పోసిన మిరియాల పొడిలో ఘాటు మిగిలి వాసన పోవడానికి, వంటగదిలో మిరియాలు పడిన వంటకం మీదే బల్ల దగ్గర మళ్లీ కొద్దిగా తాజా పొడి రాల్చడానికి కారణం ఇదే. కనుక మర అందించడం చెఫ్ చేతి రుచిని శంకించడమనే అభిప్రాయానికి ఆధారం లేదు. పొయ్యి మీద నిలవని పరిమళాన్ని పళ్లెం దగ్గర చేర్చడం వంటలో చివరి అంచె, ఆ అంచెను వెయిటర్ చేతికి అప్పగించారంతే. పళ్లెం పెట్టగానే మర తిప్పకపోతే తాజాదనం పోతుందన్న వాదన కూడా నిలవదు, ఎందుకంటే గింజ పగలనంతవరకు పరిమళం మరలోనే భద్రంగా ఉంటుంది, అతిథి రుచి చూసేదాకా ఆగినందువల్ల పోయేదేమీ లేదు.

అన్ని వంటకాలకూ ఒకే వేళ కుదరదన్నది కూడా చిరంజీవి గుర్తుంచుకోవాలి. సీజర్ సలాడ్‌ను తీసుకుంటే, 1924లో మెక్సికోలోని టిహువానాలో సీజర్ కార్డీని అనే ఇటాలియన్ రెస్టారెంట్ యజమాని రూపొందించాడని చెప్పే ఆ సలాడ్ రుచి దాన్ని కోరుకున్నవారిలో ఎక్కువమందికి ముందే తెలిసి ఉంటుంది, పదార్థం చల్లనిది, ఆకుల మీద పొడి వెంటనే అంటుకుంటుంది. దానికి పళ్లెం పెట్టగానే మిరియాల పొడి కావాలా అని అడగడంలో తప్పులేదు. రోమ్ నగరపు వంటకమైన కాచియో ఎ పెపే సంగతి వేరు: పెకొరీనో అనే గొర్రెపాల చీజ్, మిరియాలు, పాస్తా ఉడికించిన నీళ్లు, ఈ మూడే అందులోని సాస్‌కు ఆధారం గనుక మిరియాల మోతాదును వంటగదిలోనే తూచినట్టు వేస్తారు, దానికి మర తీసుకెళ్లడం అతిథి అడిగితే తప్ప అనవసరం. నలగ్గొట్టిన మిరియాలను మాంసానికి పట్టించి కాల్చే ఫ్రెంచి వంటకం స్టేక్ ఓ పోవ్ర్ ముందు మరతో నిలబడితే, వడ్డిస్తున్నదేమిటో వెయిటర్‌కు తెలియదని అతిథి గ్రహిస్తాడు. సూప్, రిజోట్టో, టొమాటో సాస్ పాస్తా వంటివాటికి రుచి చూసేదాకా ఆగడమే ఉత్తమం. వెన్న సాస్‌తో వచ్చే తెల్లచేప మీద మిరియాల ప్రసక్తి అతిథి నోటినుంచే రావాలి.

ఇంత తెలిసినా వెయిటర్లు తొందరపడడానికి కారణం అజ్ఞానం కాదు, పని ఒత్తిడి. ఒక్కొక్కరికి నాలుగైదు బల్లలు అప్పగించిన హాలులో, శుక్రవారం రాత్రి వేళ, ఒకే బల్లకు రెండుసార్లు వెళ్లే బదులు పళ్లెంతోపాటే మరను కూడా పట్టుకెళితే ఒక నడక కలిసివస్తుంది. ఈ ఇబ్బందిని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. అయితే ఆ రెండవ నడక ఎలాగూ ఉన్నదే: వంటకం అందిన రెండు మూడు నిమిషాలకు, అతిథి ఒకటి రెండు ముద్దలు తిన్నాక, అంతా బాగున్నదా అని పలకరించి రావడం మంచి రెస్టారెంట్లన్నింటిలో నియమం, వృత్తిలో దానిని చెక్‌బ్యాక్ అంటారు. మరను ఆ పలకరింపుకు జతచేస్తే కొత్త నడక ఒక్కటీ పెరగదు, పైగా "అంతా బాగుందా?" అన్న వాడుక ప్రశ్నకు ఒక పనికివచ్చే అర్థం ఏర్పడుతుంది, అతిథి అప్పటికి రుచి చూసి ఉంటాడు, ఏదో కొద్దిగా తక్కువైనట్టు తోస్తే దానికి మందు వెయిటర్ చేతిలోనే ఉంటుంది. మాటల మధ్యలో ఉన్నవారిని ఆపి అడగకూడదు, నోట్లో ముద్ద ఉన్నవారిని అసలే అడగకూడదు. ఒక్క అడుగు దూరంలో, మర కనబడేలా నిలిస్తే కావలసినవారు వారంతట వారే తల ఎత్తుతారు.

ఎంత వేయాలన్న విషయంలో తెలుగువాడికి చిన్ననాటినుంచి తెలిసిన పాఠం ఒకటి ఉంది. పెళ్లిపంక్తిలో నెయ్యి వడ్డించే పెద్దమనిషి చూపు తన చేతిలోని గరిటె మీద ఉండదు, విస్తరి ముందున్న చేతి మీద ఉంటుంది. ఆ చేయి కాస్త లేచిందంటే ధార ఆగిపోతుంది, చాలన్న మాట పైకి అనవలసిన పనే పడదు. మిరియాల మర తిప్పేవారికి కావలసింది అదే చూపు. అయితే లండన్ హాలులో కూర్చున్న అతిథి పళ్లానికి చేయి అడ్డుపెట్టడు, అతని సైగ అంతకన్నా సన్నగా, కనురెప్పలోనో తల ఊపులోనో ఉంటుంది. "చాలనుకున్నప్పుడు చెప్పండి" అని ఏకధాటిగా మర తిప్పుతూ పోతే ఆపే భారమంతా అతిథి మీద పడుతుంది, మొహమాటస్థులు చెప్పలేక కావలసినదానికి రెండింతలు వేయించుకుంటారు. కనుక రెండు మూడు తిప్పులు తిప్పి వెయిటరే ఆగాలి, అతిథి ముఖం వైపు చూడాలి, ఇంకా కావాలన్న సైగ అందితేనే మళ్లీ తిప్పాలి.

మర వెయిటర్ చేతిలోనే ఎందుకుండాలన్నది తర్వాతి ప్రశ్న. మిరియం ఒకప్పుడు బంగారంలా దాచుకున్న సరుకు, క్రీ.శ. 408లో రోమ్‌ను ముట్టడించిన గోత్ నాయకుడు అలారిక్ నగరాన్ని విడవడానికి కోరిన వెలలో బంగారం, వెండితోపాటు 3,000 పౌన్ల మిరియాలు కూడా ఉన్నాయి. ఆ కరువు తీరి శతాబ్దాలైంది, కాబట్టి నేటి కాపలాకు ఖరీదు కారణం కాదు. తర్వాత కార్లకు పేరుపొందిన ఫ్రాన్స్‌లోని ప్యూజో సంస్థ 1840లో కాఫీ మరను, 1874లో మిరియాల మరను తయారుచేసింది. ఆ చిన్న మర భోజనబల్ల మీద ఎవరికి వారు వాడుకోవడానికి పుట్టిన వస్తువే. ఇటాలియన్ రెస్టారెంట్లలో కనబడే మూరెడు పొడవు మరకు మాత్రం, బల్లల మీది చిన్న మరలు మాయమవుతూ ఉండడంవల్ల ఎవరూ సంచిలో వేసుకోలేని పెద్ద మరను వెయిటర్‌కు అప్పగించారన్న వివరణ వృత్తిలో ప్రచారంలో ఉంది. కారణం ఏదైనా, ఆ పొడవు చూడముచ్చటైన వేడుకగా మారి, వేడుక కోసం వేళ చెడడం మొదలైంది. చిన్న మరను శుభ్రంగా తుడిచి బల్ల మీదే ఉంచి, వేళనూ మోతాదునూ అతిథికే వదిలేసే రెస్టారెంటు అతిథిని ఎక్కువ గౌరవించినట్టని పెదనాన్న నిశ్చితాభిప్రాయం. అది సాధ్యంకాని చోట మర పట్టుకున్నవారి బాధ్యత మరింత పెరుగుతుంది.

పట్టే తీరులో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. అతిథి కుడిపక్కన నిలిచి, భుజం మీదుగా గాని ముఖానికి అడ్డంగా గాని మర చాపకుండా, పళ్లానికి జానెడు ఎత్తున పట్టుకోవాలి; అంతకన్నా కిందికి దించితే ఆవిరి మర నోటికి తగిలి, లోపలి పొడి తడిసి పళ్లకు అతుక్కుంటుంది, మరునాటికి మర బిగుసుకుపోతుంది. తిప్పడం పూర్తయ్యాక అడుగున అంటిన పొడి తెల్లని బల్లగుడ్డ మీద రాలకుండా, ఎడమచేతిలోని మడతపెట్టిన నాప్కిన్‌ను మర కిందికి పట్టి వెనక్కి తీసుకోవాలి. చాలా మరలకు తలమీద తిప్పి బిగించే గుండీ ఉంటుంది. దానిని బిగిస్తే పొడి మెత్తగా, వదులు చేస్తే పలుకుగా వస్తుంది, సూప్‌కు మెత్తనిది, మాంసానికి పలుకైనది నప్పుతుంది. సర్వీసు మొదలుకాకముందు ఖాళీ సాసర్ మీద ఒకసారి తిప్పి చూసుకోవాలి. అతిథి ఎదుట ఉత్తిగా గిరగిరా తిరిగే ఖాళీ మరకన్నా చిన్నబుచ్చేది ఈ పనిలో మరొకటి లేదు.

గింజల పుట్టుక గురించి అడిగే అతిథులూ ఉంటారు. మిరియాల తీగ పుట్టినిల్లు పడమటి కనుమలు. తలశ్శేరి రేవు పేరుతో టెల్లిచెరీ అని అమ్మే మిరియాలు పెద్ద గింజలకు గుర్తు, 4.25 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచేవాటికి ఎక్స్‌ట్రా బోల్డ్ అన్న శ్రేణి ఇస్తారు. ఆంధ్రదేశంలోనూ పాడేరు, చింతపల్లి మన్యంలో కాఫీ మొక్కల నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు ఈ తీగను పాకిస్తారు, గిరిజన రైతులకు అది కాఫీతోపాటు వచ్చే రాబడి. గింజల సంచి మీది చీటీ చదివి, దాని మీద ఉన్న ఊరే చెప్పాలి. తెలియనప్పుడు మలబార్ అని నోటికొచ్చినట్టు చెప్పడం కన్నా కనుక్కొని చెబుతానని వెళ్లిరావడం మేలు.

ఆ హాలుకు తెలుగు కుటుంబాలు కూడా వస్తాయి, వారిలో కొందరికి ఈ వేడుక కొత్త. మూరెడు చెక్కమర ఒక్కసారిగా పళ్లెం మీదికి వస్తే ఏమనాలో తోచక అవుననేవారు, దానికి వేరే డబ్బు పడుతుందేమోనని వద్దనేవారు ఉంటారు. అటువంటప్పుడు పెద్దవారైతే "అండీ" అని, "ఇది మిరియాల పొడండీ, రుచి చూశాక కావాలంటే వేస్తాను" అని తెలుగులోనే మెల్లగా చెప్పాలి. ఊరికే వేసేదని వేరే చెప్పనవసరం లేకుండా ఆ మాటతోనే వారి సందేహం తీరుతుంది. పిల్లల పళ్లెం దగ్గర తల్లిని అడగాలి. ఒకసారి వద్దన్నవారిని ఆ పూట వెయిటర్ తనంతట తాను మళ్లీ అడగకూడదు గాని, వారే అడిగినప్పుడు ఇందాక వద్దన్నారన్న భావం ముఖంలో కనబడనీయకూడదు.

చివరిగా, ఆ రెస్టారెంట్ మేనేజర్ పళ్లెం పెట్టగానే మర అందించి తీరాలని నియమం పెట్టి ఉండవచ్చు. కొత్తగా చేరినవారు నియమాన్ని ధిక్కరించడం తగదు, దానిని పాటిస్తూనే అతిథికి మేలుచేసే దారి ఉంది. పళ్లెం పెట్టి, మర చూపించి, "ఇప్పుడు వేయమంటారా, రుచి చూశాక రమ్మంటారా?" అని అడిగితే నియమమూ చెల్లుతుంది, నిర్ణయమూ అతిథికే దక్కుతుంది. రుచి చూశాక రమ్మన్న బల్లను మాత్రం మరచిపోకూడదు. ఆర్డర్ రాసుకున్న కాగితం మీద ఆ బల్ల అంకె పక్కన చిన్న గుర్తు పెట్టుకొని, రెండు నిమిషాల్లో మరతో తిరిగి వెళ్లాలి.

ఇట్లు,
ఆశీస్సులతో,
పెదనాన్న