వెండి చెంచా మీది ముద్రలు

పోయిన ఏడాది విత్తనాల ఖర్చుకని మా అమ్మ తన వెండి కడియాలు టౌనుకు తీసుకెళ్లింది. షావుకారు గీటురాయి మీద గీసి, "సగం కల్తీయేనమ్మా" అన్నాడు. కాదనడానికి మా దగ్గర ఆధారమేదీ లేదు. కడియాల మీద చేసినవాడి గుర్తు లేదు, పరీక్షించినవారి ముద్రా లేదు. ఆ రోజు నుంచే ఈ ముద్రల సంగతి చదవడం మొదలుపెట్టాను. వీటిని నేర్చుకోవడానికి ఇంగ్లండు పాత వెండి చెంచాను మించిన పాఠం లేదు.

చెంచాను తిరగేసి కాడ వెనుక భాగాన్ని భూతద్దంతో చూడండి. నాలుగైదు చిన్న ముద్రలు కనిపిస్తాయి. వరుస మారవచ్చు.

1. నడుస్తున్న సింహం: వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థం.

2. పరీక్ష జరిగిన ఊరు: చిరుత తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హాంది. షెఫీల్డ్‌కు 1974 వరకు కిరీటం ఉండేది.

3. ఒంటి అక్షరం: ఇది సంవత్సరం. కొన్నేళ్లకు అదే అక్షరం మళ్లీ వస్తుంది కనుక దాని వాటం, చుట్టూ ఉన్న గడి ఆకారం కూడా పోల్చాలి.

4. రాజు లేక రాణి తల: పన్ను కట్టారన్నమాట. ఇది 1784 నుంచి 1890 వరకే.

5. పొడి అక్షరాలు: ఇవి చేసినవారివి. ప్రతి పనివాడికీ సొంత గుర్తు ఉండాలని 1363లోనే చట్టం చేశారు. కల్తీ బయటపడితే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి కదా! భర్త పోయాక హెస్టర్ బేట్‌మన్ అనే ఆమె 1761లో లండన్‌లో తన పేర హెచ్.బి. అనే గుర్తు నమోదు చేయించుకుంది. అయితే అవే పొడి అక్షరాలు ఇంకొకరికీ ఉండవచ్చు. అందుచేత ఊరు, సంవత్సరం కలిస్తేనే నమ్మాలి.

"ఇ.పి.ఎన్.ఎస్." అని ఉంటే మాత్రం మోసపోకండి. అది రాగి, నికెల్, జింకు మిశ్రమం మీద కరెంటుతో వేసిన వెండి పూత.

ఇక కాడ చివర చెక్కిన పక్షి, సింహం, కత్తి పట్టిన చెయ్యి వంటి బొమ్మను క్రెస్ట్ అంటారు. ఇది యజమాని వంశచిహ్నం. ఒకే క్రెస్టును ఎన్నో కుటుంబాలు వాడేవి. పైగా తరవాత కొన్నవారు పాతది చెరిపేసి తమది చెక్కించుకునేవారు. చెరిపినచోట లోహం పలచబడి వేలికి తెలుస్తుంది. కాబట్టి ఒక్క క్రెస్టును చూసి చెంచా ఫలానావారిదని తేల్చకూడదు.

క్రెస్ట్ యజమాని గొప్ప చెబుతుంది. వెనుక ముద్రలు పనివాడి పూచీ చెబుతాయి. అమ్మేనాడు అక్కరకొచ్చేది పూచీయే. మన దేశంలో వెండికి హాల్‌మార్కు 2005లో వచ్చింది. మా అమ్మ కడియాలు అంతకు చాలా ముందువి. ఇప్పుడు మాత్రం ఏ వెండి వస్తువు కొన్నా ఆమె ముందు తిరగేసి చూస్తోంది.